పిన్నిగారి మీద పాడిన చీటీ

ఆ రోజుల్లో అప్పు చేయాలంటే ముందు ఒక మనిషి మొహం చూడాల్సి వచ్చేది. ఆయన ఇంటికి వెళ్ళాలి, అరుగు మీద కూర్చోవాలి, కాలువకి నీళ్ళు వదిలారా లేదా, వాళ్ళ పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందా లేదా అని ఓ అరగంట మాట్లాడాలి, ఇంటావిడ ఇచ్చిన కాఫీ తాగాలి, అప్పుడు గొంతు సవరించుకుని “ఏం లేదండీ, చిన్న పని మీద వచ్చాను” అనాలి. ఈ తతంగమంతా తలుచుకునే సగం మంది అప్పు మాట మానుకునేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఈ కష్టమేమీ లేకుండా రాజమండ్రికి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క వచ్చింది. దానికి మొహం లేదు, అరుగు లేదు, పెళ్ళికెదిగిన కూతురు అసలే లేదు. నాలాంటివాణ్ణి ముంచడానికి సరిగ్గా అలాంటిదే కావాలి.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మోటారు పంపులు, పైపులు అమ్మే ఒక ఏజెన్సీలో సేల్స్ ఉద్యోగం. జీతం నెలకి తొమ్మిది వేలు, పెట్రోలు ఖర్చు వేరే. వారంలో నాలుగు రోజులు మండపేట, రావులపాలెం, కొత్తపేట వైపు తిరిగేవాణ్ణి. మిగిలిన రెండు రోజులు ఆఫీసులో కూర్చుని అలా తిరిగినందుకు కాగితాలు రాసేవాణ్ణి. ఇన్నీసుపేటలో రెండు గదుల వాటాలో కాపురం. పెళ్ళై ఏడాదిన్నర. ఆ సంబంధం కుదిర్చింది మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉండే పిన్నిగారు. (మా ఆవిడకి ఆవిడ స్వయానా మేనత్త. మా ఆవిడకి అత్తయితే నాకు వరసకి పిన్ని అవుతుందని పెళ్ళిలో పెద్దలు తేల్చారు.) నేను బ్రహ్మచారిగా ఆ వీధిలో ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే వాకిట్లో బండి తుడుచుకోవడం చూసి, బండినే ఇంత బాగా చూసుకునేవాడు పెళ్ళాన్ని కూడా బాగానే చూసుకుంటాడని ఆవిడ నిర్ణయించేశారట. ఆ ఆలోచనలో లోపం ఉందని నాకు తెలుసు గానీ, లాభపడ్డవాణ్ణి నేనే కాబట్టి ఎప్పుడూ బయటపెట్టలేదు.

పెళ్ళిచూపులకి భీమవరం అవతల ఒక పల్లెటూరు వెళ్ళాం. ఫలహారాలయ్యాక పెద్దలెవరో “అమ్మాయి ఏమైనా అడుగుతుందేమో అడగనివ్వండి” అన్నారు. ఊరికే మాటవరసకి అన్న మాట అది. ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తి, “మీకు అప్పులేమైనా ఉన్నాయాండి?” అని అడిగింది. గదిలో అందరూ ఒక్కసారిగా జీడిపప్పు పకోడీల వైపు చూశారు. పిన్నిగారే ముందు తేరుకుని, “ఈ అబ్బాయికి అప్పేంటే, పాలవాడికి కూడా ఒకటో తారీఖునే కట్టేస్తాడు” అని హామీ ఇచ్చేశారు. నేను కూడా “ఒక్క రూపాయి లేదండి” అన్నాను. అప్పటికి అది నిజమే. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో పెళ్ళయిన తర్వాత తెలిసింది. మా మావయ్యగారు ఒకప్పుడు రొయ్యల చెరువులు వేశారు. తెగులొచ్చి వారం తిరక్కుండా మొత్తం పోయింది. ఆ తర్వాత రెండేళ్ళపాటు అప్పులవాళ్ళు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేవారు. పదో తరగతి చదివే ఈ పిల్ల వాళ్ళకి కాఫీలు అందించేది. “మా ఇంట్లో పాలన్నీ ఆ కాఫీలకే సరిపోయేవండి” అని ఒకసారి చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అప్పు లేని మొగుడు దొరికాడన్నది ఆవిడకి నా జీతం కంటే, నా రూపం కంటే పెద్ద సంగతి. (రూపం సంగతి పక్కన పెట్టినా ఫరవాలేదు.)

ఇదంతా తెలిసి కూడా నేను ఆ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. ఎగ్జిబిషన్ గేటు దగ్గర గొడుగు కింద టై కట్టుకున్న కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. చెమటకి టై మెడకి అంటుకుపోయింది గానీ నవ్వు మాత్రం చెదరలేదు. “లైఫ్ టైం ఫ్రీ అండి” అన్నాడు. ఫ్రీగా ఇచ్చేది అప్పెలా అవుతుంది? మూడు సంతకాలు పెట్టి పుచ్చుకున్నాను. ఫోన్ నంబరు అడిగితే మా ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి పి.పి. అని రాసి పిన్నిగారి ఇంటి నంబరు ఇచ్చాను. ఆ తర్వాత ఏడాదిలో కలర్ టీవీ వచ్చింది, మిక్సీ వచ్చింది, మా ఆవిడ పుట్టినరోజుకి పట్టుచీర వచ్చింది. మావయ్యగారు ఊరినుంచి వస్తే అందర్నీ ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళి, బిల్లు కాగితం మీద జమీందారులా సంతకం గీసి లేచాను. ఆయన మెట్లు దిగుతూ, “డబ్బులివ్వలేదేంటి బాబూ?” అని చెవిలో అడిగారు. “మనకి అక్కర్లేదండి” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నెలనెలా ఆఫీసు అడ్రసుకి బిల్లు వచ్చేది. అందులో మొత్తం బాకీ ఒకచోట, ‘చెల్లించవలసిన కనీస మొత్తం’ అని ఇంకోచోట ఉండేది. కనీసం ఇది కట్టండి చాలని వాళ్ళంత మర్యాదగా అడుగుతుంటే, అంతకన్నా ఎక్కువ కట్టి ఆ మర్యాదని చిన్నబుచ్చడం దేనికని ఆ కనీసమే కడుతూ వచ్చాను.

మా ఆఫీసులో అకౌంట్లు చూసే పెద్దాయన ఉండేవారు. అందరూ ఆయన్ని కాలిక్యులేటర్ గారనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆ యంత్రం ఉండేది. భోజనానికి పిలిచినా అదొకసారి తడుముకుని గానీ లేచేవారు కాదు. ఒకరోజు ఆయన దగ్గర నా కార్డు గొప్ప చెప్పుకుంటూ, వడ్డీ కూడా నామమాత్రమేననీ, నూటికి రెండు పాయింట్ తొంభై ఐదేననీ అన్నాను. ఆయన బిల్లు తెమ్మని తిరగేసి చూశారు. “ఇది సంవత్సరానికి కాదండి, నెలకి” అన్నారు. నేను నమ్మలేదు. “మన భాషలో మూడు రూపాయల వడ్డీ అంటారు దీన్ని. ఐదు పైసలు తగ్గించి రాశారంతే” అన్నారు. మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆయన వీధిలో వెళ్తుంటేనే మా నాయనమ్మ తలుపేసుకునేది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న ఇంటికి పిల్లనివ్వకూడదనేది. కాలిక్యులేటర్ గారు ఈలోగా టకటకా నొక్కుతున్నారు. “ముప్ఫై ఒక్క వేలు బాకీ. నెలకి తొమ్మిది వందల పైన వడ్డీకే పోతోంది. మీరిలా కనీసం కడుతూ పోతే మీ అబ్బాయి పెద్దయి మిగతాది చూసుకోవచ్చండి” అన్నారు. నాకింకా పిల్లల్లేరండీ అన్నాను. “పుడతారు కదండీ. బ్యాంకు వాళ్ళు ఆగుతారు, తొందరేం లేదు” అన్నారు.

ఆ నెలలోనే ఇంకో సంగతి జరిగింది. క్యాంపులో ఉండిపోయి ఆ కనీసం కూడా రెండు వారాలు ఆలస్యంగా కట్టాను. ఒక సాయంత్రం ఇంటికొస్తుంటే పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఆపారు. “బాబూ, ఎవరో పిల్ల ఫోన్ చేస్తోంది నీకోసం. మెత్తటి గొంతు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఎక్కడుంటాడు, ఎప్పుడొస్తాడు అని అడుగుతోంది” అన్నారు. ఆఫీసు అమ్మాయండి అన్నాను. “ఆఫీసు అమ్మాయైతే ఆఫీసులోనే అడుగుతుందిగా” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి, బండి కేసి కూడా చూశారు. ఆ బండి చూసే కదా పిల్లనిప్పించింది. నేను ఆ నెల కనీసానికి చెక్కు పంపించేసి, ఆ పిల్ల రెండోసారి ఫోన్ చేసేలోగా మొత్తం బాకీ తీర్చి కార్డు వదిలించుకోవాలని ఆ గేటు దగ్గరే నిర్ణయించుకున్నాను. బాకీ సంగతి పిన్నిగారికి తెలిస్తే ఐదు నిమిషాల్లో మా ఆవిడకి తెలుస్తుంది. అది తెలిసిన మరుక్షణం ఆవిడ కళ్ళల్లో నేను కూడా వరండాలో కాఫీ పోయించే మనిషినైపోతాను.

ఇక ముప్ఫై ఒక్క వేల కోసం వేట మొదలైంది. ముందు బ్యాంకుకి వెళ్ళాను. పర్సనల్ లోను అయితే వడ్డీ సగానికి తగ్గుతుందన్నారు గానీ, గవర్నమెంటు ఉద్యోగి ఒకరు హామీ సంతకం పెట్టాలన్నారు. రాజమండ్రిలో నాకు తెలిసిన ఏకైక గవర్నమెంటు ఉద్యోగి ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే బాబాయిగారు, అంటే పిన్నిగారి భర్త. దండం పెట్టి వచ్చేశాను. తర్వాత బంగారం మీద డబ్బిచ్చే కొట్టుకి వెళ్ళాను. మా ఆవిడ నగలు ముట్టుకునే ధైర్యం లేదు. నా వేలికి పెళ్ళినాటి ఉంగరం ఉంది, మావయ్యగారు పెట్టింది. పెళ్ళయ్యాక నేను ఒళ్ళు చేశాను కాబట్టి అది రాలేదు. కొట్టువాళ్ళు సబ్బు ఇచ్చారు, చెంబుతో నీళ్ళిచ్చారు, లైనులో ఉన్న ఒక పెద్దాయన సలహాలిచ్చారు. అందరి సహకారంతో ఊడొచ్చాక కొట్టాయన దాన్ని గీటురాయి మీద గీసి, తూచి, చాలా సౌమ్యంగా “రాయి బరువే ఎక్కువండి” అన్నారు. పద్దెనిమిది వందలు వస్తుందట. రొయ్యలు పోయిన తర్వాత పెట్టిన ఉంగరం కదా అని నా కళ్ళు చెమర్చాయి. మళ్ళీ సబ్బు రాసుకుని వేలికి తొడుక్కున్నాను. ఆ బరువు సంగతి ఇంతవరకూ మా ఆవిడకి చెప్పలేదు.

మూడో దారి తనంత తానే ఎదురొచ్చింది. దేవీచౌకు దగ్గర టీ తాగుతుంటే పాత టై కుర్రాడే కొత్త టైతో పలకరించాడు. ఆ కార్డు ఎలా ఉందండి అన్నాడు. ఉన్నమాట చెప్పాను. “ఆ కార్డు మంచిది కాదండి” అన్నాడు. ఇచ్చింది నువ్వే కదయ్యా అంటే, “అప్పుడు ఆ బ్యాంకులో ఉన్నానండి” అన్నాడు. ఇప్పుడు ఇంకో బ్యాంకట. వాళ్ళ కార్డు తీసుకుంటే నా బాకీ మొత్తం దాని మీదకి మార్చేస్తారట, ఆరు నెలలపాటు వడ్డీ ముప్పావలానేనట. నాకు ప్రాణం లేచొచ్చింది. “ఆరు నెలల తర్వాత?” అని అడిగాను. “అప్పటికి నేను ఇంకో బ్యాంకులో ఉంటానండి, అక్కడికి మార్పిస్తాను” అన్నాడు. కుర్రాడిలో మోసం లేదు. తన జీవితం ఎలా ఉందో నా జీవితాన్నీ అలాగే సర్దుతున్నాడు. సంతకానికి కలం తీశాను కూడా. అప్పుడు, “వెరిఫికేషన్‌కి మా వాళ్ళు ఇంటికొస్తారండి. మీరుండక్కర్లేదు, మేడంగారుంటే చాలు. పాత బాకీ ఎంతో అడిగి రాసుకుని వెళ్ళిపోతారు” అన్నాడు. కలం మళ్ళీ జేబులో పెట్టుకుని టీ డబ్బులు ఇద్దరివీ ఇచ్చేశాను.

చివరికి దారి చూపించింది కాలిక్యులేటర్ గారే. “ఊరంతా తిరుగుతున్నారు. మీకు చీటీ లేదాండి?” అన్నారు. ఉంది. మా వీధి చివర ఉండే రిటైరైన లెక్కల మేస్టారు నడిపే చీటీ. ఇరవై మంది సభ్యులు, నెలకి తలా రెండు వేలు, మొత్తం నలభై వేలు. నెలలో మొదటి ఆదివారం పొద్దున పదిగంటలకి ఆయన వరండాలో పాట. డబ్బు అవసరమైనవాళ్ళు నలభై వేలల్లో ఎంత వదులుకుంటారో పైకి పాడతారు. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్ళది. వాళ్ళు వదులుకున్న సొమ్ము ఇరవై మందికీ సమానంగా పంచి, ఆ నెల కట్టాల్సినదాంట్లో తగ్గిస్తారు. ఒకసారి పాడుకున్నవాళ్ళు మిగతా నెలలన్నీ బుద్ధిగా కట్టుకుంటూ పోవాలి. ఆరు నెలలు గడిచాయి. నా చీటీ ఆఖర్లో తీసుకుని, స్థలం కొనడానికి బయానా ఇవ్వాలని దాచుకున్నాను. కాలిక్యులేటర్ గారు నొక్కి చూసి, “ఎదురు పాట లేకపోతే నాలుగున్నర వేలకి వచ్చేస్తుందండి. ఎంత తన్నుకున్నా తొమ్మిది దాటకండి. తొమ్మిది దాటితే మీకు ముప్ఫై ఒకటి చేతికి రాదు” అన్నారు. శనివారం రాత్రి మా ఆవిడతో, రేపు మండపేటలో డీలర్ల మీటింగు ఉందని చెప్పాను. ఆవిడ “ఆదివారం కూడానా?” అని ఊరుకుంది. నేను అబద్ధం చెప్పినప్పుడు చాలా వివరాలు చెబుతానని ఆవిడకి అప్పటికే తెలుసు. మీటింగులో భోజనానికి ఏం పెడతారో కూడా చెప్పాను.

ఆదివారం మేస్టారి వరండాలో పదిహేను మంది దాకా చేరారు. మేస్టారు చాప మీద పుస్తకం విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో ముప్ఫై ఏళ్ళు బడిలో వాడిన రూళ్ళకర్రతో కూర్చున్నారు. పాటకి పిన్నిగారు కూడా వచ్చి ఉండటం చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఆవిడకి కూడా ఒక చీటీ ఉందని తెలుసు గానీ, ఏనాడూ పాటకి రాలేదు; డబ్బులు బాబాయిగారు కట్టేసి వెళ్ళేవారు. నన్ను చూసి ఆవిడ కూడా ఉలిక్కిపడ్డారు. “మండపేట వెళ్ళలేదా బాబూ?” అన్నారు. మధ్యాహ్నం వెళ్తానండి అన్నాను. నేను మండపేట వెళ్తున్నానని ఆవిడకెలా తెలుసో ఆ కంగారులో నాకు తట్టలేదు.

మేస్టారు పాట మొదలుపెట్టారు. ఒకరిద్దరు రెండు వేలు, మూడు వేలు అని మానేశారు. నేను నాలుగు వేలన్నాను. అందరూ ఊరుకున్నారు. మేస్టారు రూళ్ళకర్ర ఎత్తి “ఒకటోసారి” అన్నారు.

“నాలుగున్నర” అన్నారు పిన్నిగారు.

నేను తిరిగి చూశాను. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని నేల చూస్తున్నారు. ఫ్రిజ్ కొనుక్కుంటారేమో అనుకున్నాను. వరసైన పెద్దావిడ మీద పాడటం అంటే గోదావరి జిల్లాల్లో మాటలు కాదు. “ఏమనుకోకండి పిన్నిగారూ, ఐదు వేలు” అన్నాను.

“అయ్యో, అనుకోడానికేముంది బాబూ. ఐదున్నర.”

“మీరు పెద్దవారు, క్షమించండి. ఆరు.”

“ఫరవాలేదు నాన్నా. ఆరున్నర. అన్నట్టు అమ్మాయి జ్వరం తగ్గిందా?”

“తగ్గిందండి. మీరిచ్చిన కషాయంతోనే. ఏడు.”

“పూటకోసారి ఇవ్వమను. ఏడున్నర.”

మేస్టారు కళ్ళజోడు పైనుంచి చూసి, “మర్యాదలు ఇంటి దగ్గర చూసుకోండి, పాట చెప్పండి” అన్నారు. మేం ఇద్దరం క్షమాపణలు చెప్పుకుంటూనే తొమ్మిది వేల దాకా వెళ్ళాం. తొమ్మిది అన్నది పిన్నిగారు. నా హద్దు అదే. కాలిక్యులేటర్ గారి మొహం కళ్ళముందు కనిపించింది గానీ, మెత్తటి గొంతు పిల్ల ఫోన్ కూడా వినిపించింది. లోటు పడేది ఎక్కడో అక్కడ సర్దుకుందామని తొమ్మిదీ మూడొందలు అన్నాను. పిన్నిగారు తల ఎత్తి నా కళ్ళలోకి సూటిగా చూశారు. నిన్న మొన్నటి వరకు నాకు పిండివంటలు పంపిన మనిషి చూపు కాదది. “తొమ్మిదిన్నర” అన్నారు. నేను తొమ్మిదీ ఎనిమిదొందలు అన్నాను. “పది” అన్నారు, అరుగు మీద తాళంచెవుల గుత్తి పెట్టినట్టు. రూళ్ళకర్ర మూడుసార్లు చాప మీద పడింది. పదివేలు ఇరవై మందికి పంచితే తలా ఐదొందలు. ఏడో నెలలో అంత లాభం ఆ చీటీ పుట్టాక ఎవరూ చూడలేదు. సభ్యులందరూ పిన్నిగారినీ నన్నూ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని దీవించి, నవ్వుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు.

నేను ఇంటికి వెళ్ళలేదు. గోదావరి గట్టు మీద పుష్కర్ ఘాట్ దాకా నడిచాను. దారులన్నీ అయిపోయాయి. ఇంకో నెల ఆగితే ఫోన్ రాక మానదు. ఆ సంగతి ఎవరో చెప్పగా వినేకంటే నా నోటితో వినడమే మా ఆవిడకి తక్కువ అవమానమని అనిపించింది. చెప్పేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆవిడ ఏడవదు, తిట్టదు. మర్నాటి నుంచి వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. ఒంటిగంటకి ఇల్లు చేరాను.

మా ఆవిడ అప్పటికే కంచం పెట్టింది. కంచం పక్కన రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్టలున్నాయి, పైన విడిగా కొన్ని నోట్లు. “ముప్ఫై అత్త ఇచ్చింది. పైన వెయ్యీ నాది. రేపు పొద్దున్నే కట్టేసి రండి” అంది. నేను నిలబడ్డచోటే కూర్చున్నాను.

“అత్త ఇంటికి మళ్ళీ ఫోనొచ్చిందండి. ఎవరో పిల్ల అని అత్త భయపడి నన్ను పిలిపించింది. నేనే తీశాను” అంది. ఆ పిల్ల, సార్ ముప్ఫై ఒక్క వేలు బాకీ అండి అనేసరికి, “పుట్టి బుద్ధెరిగాక అప్పు మాట విని సంతోషించింది అప్పుడేనండి” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఫోన్ పెట్టేశాక, ఇంటి అవసరానికి ముప్ఫై ఒక్క వేలు కావాలి, ఆయనకి తెలియకూడదు అని మేనత్త చేత ఒట్టు వేయించుకుని చీటీ పాడమంది. ఫోన్ పిల్ల ఎవరో మాత్రం చెప్పలేదు. మొగుడి అప్పు పుట్టింటివాళ్ళ ముందు పెట్టడం ఇష్టం లేకపోయిందట. దాంతో పిన్నిగారికి అనుమానం అలాగే ఉండిపోయింది. వరండాలో నేను పట్టుదలగా పాడుతుంటే ఆవిడకి ఒకటే అర్థమైంది. నలభై వేలూ ఆ మెత్తటి గొంతు పిల్ల పాలవుతున్నాయని. అందుకే ముప్ఫై ఒకటి రాకపోయినా సరేనని, మేనకోడలి కాపురం నిలబెట్టడానికి పదివేలకి పాడేశారు. అంటే ఆ ఆదివారం పొద్దున మొగుడూ పెళ్ళాలం ఒకే బాకీ తీర్చడం కోసం ఒకరి మీద ఒకరం పాడుకుని, ఐదున్నర వేలు అనవసరంగా వీధికి పంచిపెట్టామన్నమాట.

“నన్నే అడగొచ్చు కదా” అన్నాను.

“మీరే చెప్తారని చూశానండి” అంది. కూర గిన్నె దగ్గరికి జరిపి, “ఫోన్ రాకముందే అనుమానం వచ్చింది. నెల్రోజుల నుంచి మీరు కూర కలుపుకోవట్లేదు. రెండు ముద్దలు పప్పన్నం తిని మజ్జిగలోకి వెళ్ళిపోతున్నారు. మా నాన్న కూడా అంతే. ఎవరైనా ఏమైనా అడిగేలోగా కంచం ముందు నుంచి లేచిపోవాలని” అంది.

కార్డు తీసి ఆవిడ చేతికిచ్చాను. ఎగ్జిబిషన్ గేటు దగ్గర నుంచి ఏసీ హోటల్ దాకా మొత్తం చెప్పాను. ఆవిడ వింటూనే వంకాయ కూర వేసింది. నేను తిన్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను. అంతసేపూ ఆవిడ నా ఎదురుగా కూర్చునే ఉంది.

మర్నాడే బాకీ కట్టేసి కార్డు రద్దు చేయించాను. పిన్నిగారికి మా ఆవిడే అసలు సంగతి చెప్పింది. ఆవిడ నా దగ్గరికొచ్చి, “బ్యాంకు పిల్లా బాబూ, ముందే చెబితే నాలుగున్నరకే ఆపేద్దును కదా” అని ఎంతో నొచ్చుకున్నారు. ఇద్దరివీ అప్పటికి ఆరేసి వాయిదాలు కట్టిన చీటీలే కాబట్టి, మేస్టారు పుస్తకంలో పేర్లు మార్చేశారు. పాడుకున్న చీటీ మాది, పాడని చీటీ పిన్నిగారిది. మిగతా పదమూడు నెలలూ వాయిదాలు కట్టుకున్నాం. మా ఆవిడ ట్యూషన్లు మొదలుపెట్టింది, నేను సినిమాలు మానేశాను. కాలిక్యులేటర్ గారు మాత్రం మొత్తం లెక్క నొక్కి చూసి, మళ్ళీ మొదట్నుంచి నొక్కారు. “దీనికి మిషన్ చాలదండి” అని జేబులో పెట్టేసుకున్నారు.

యాభై దాటాక వెనక్కి చూస్తే, కొట్టులో సబ్బు రాసుకుంటూ ఉంగరం లాక్కుంటున్న ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. వాడి పక్కన కూర్చుని, ఇంటికెళ్ళి చెప్పెయ్యరా అనాలనిపిస్తుంది. చెప్పినా వినడని కూడా తెలుసు. ఈమధ్య డాక్టరుగారు నూనె కూరలు తగ్గించమన్నారు. మొన్న ఆయన మాట విని, కూర గిన్నె పక్కకి జరిపి మజ్జిగ అందుకోబోయాను. మా ఆవిడ చేస్తున్న పని ఆపి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఎంతండి?” అంది. నేను నవ్వి, బీరువాలో ఉన్న రిపోర్టు తెచ్చి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ పూర్తిగా చదివింది. ఆ తర్వాతే మజ్జిగ గిన్నె నా చేతికిచ్చింది.